పట్టిక ఒకటి.. తక్‌పట్టీలు రెండు వందలు!
సంఘం లెక్కల చీటీలను కంప్యూటర్‌తో నింపుకునే పద్ధతి, పాటించవలసిన జాగ్రత్తలు

యాసంగి వేరుశనగ కాంటాలు అయిపోయాయంటే సంఘం కార్యదర్శికి రాత్రిళ్లు నిద్ర ఉండదు. రెండు వందల మంది సభ్యుల సరుకు కొంటే రెండు వందల తక్‌పట్టీలు రాయాలి. పేరు, ఊరు, బస్తాలు, తూకం, ధర, హమాలీ, విత్తనం బాకీ, చేతికి రావలసిన సొమ్ము.. ఒక్కో చీటీకి మూడు నిమిషాలు వేసుకున్నా పది గంటల పని. అదైనా తప్పుల్లేకుండా సాగితే. రాత్రి పదకొండు దాటాక 7 కాస్తా 1 అవుతుంది, ఒక సున్నా ఎగిరిపోతుంది. ఆ సున్నా ఎవరిదో ఒక చిన్న రైతుది.

ఈ పనిని కంప్యూటర్ చేత చేయించుకునే వీలుంది. దీన్ని మెయిల్ మెర్జ్ అంటారు. ఇదేమీ కొత్త విద్య కాదు. 1978లో వచ్చిన వర్డ్‌స్టార్ అనే రాత ప్రోగ్రాంకు తోడుగా మెయిల్‌మెర్జ్ పేరుతోనే ఒక భాగాన్ని విడిగా అమ్మేవారు. బ్యాంకులు, బీమా కంపెనీలు మనకు పంపే ఉత్తరాల్లో మన పేరు, మన ఖాతా నంబరు అచ్చులో పడి ఉండడం చూస్తూనే ఉన్నాం. ఒక్కొక్కరి కోసం ఎవరో కూర్చుని టైపు చేయరు. అదే పద్ధతిని ఊళ్లోని రైతు సంఘం, పాల సంఘం, పొదుపు సంఘం కూడా వాడుకోవచ్చు. ఇందుకు కొత్త యంత్రాలు అక్కర్లేదు. సభ్యుల్లో ఎవరి ఇంట్లోనో డిగ్రీ చదివే పిల్లల దగ్గర ఒక కంప్యూటర్ ఉంటే చాలు, లేదా మండల కేంద్రంలోని డీటీపీ షాపు ఉంది.

పద్ధతి ఏమిటి?

గొర్రుతో విత్తనం వేయడం తెలిసిన రైతుకు ఇది అర్థం కావడానికి ఎంతోసేపు పట్టదు. జడ్డిగంలో పోసిన గింజలే గొట్టాల గుండా దిగి సాళ్లలో పడతాయి. గొర్రు తనంతట తాను గింజ మార్చదు, పుచ్చు గింజ పోస్తే ఏరి పక్కన పెట్టదు. ఇక్కడ కూడా అంతే. ఒక పక్క సభ్యుల వివరాలున్న పట్టిక ఉంటుంది. ఇంకో పక్క ఖాళీలున్న ఒకే ఒక నమూనా చీటీ ఉంటుంది. కంప్యూటర్ పట్టికలోని ఒక్కో వరుసను తీసుకుని నమూనా ఖాళీల్లో నింపుతూ పోతుంది. రెండు వందల వరుసలకు రెండు వందల చీటీలు తయారవుతాయి. నింపడానికి పట్టేది కొద్ది క్షణాలే.

కాబట్టి కష్టమంతా పట్టిక దగ్గరే ఉంది. నమూనా చీటీ ఒక పూటలో తయారవుతుంది. పట్టికకు మాత్రం మొదటి ఏడు వారం రోజులు పట్టినా తొందర పడవద్దు. ఒకసారి సరిగ్గా కుదిరితే సర్వసభ్య సమావేశం నోటీసులకు, వాటాధనం రసీదులకు, ఎరువుల పంపిణీ చీటీలకు అదే పట్టిక ఏళ్ల తరబడి పనికొస్తుంది.

పట్టిక ఎలా వేసుకోవాలి?

ఎక్సెల్‌లో గానీ, డబ్బు కట్టనవసరం లేకుండా దొరికే లిబ్రెఆఫీస్ కాల్క్‌లో గానీ పట్టిక వేసుకోవచ్చు. మొదటి వరుసలో శీర్షికలు మాత్రమే ఉండాలి. చాలా మంది పైన పెద్ద అక్షరాలతో సంఘం పేరు, దాని కింద సంవత్సరం, ఆ తర్వాత శీర్షికలు వేస్తారు. గోడకు అంటించే కాగితానికి అది అందమే గానీ ఈ పనికి అడ్డు. కంప్యూటర్ మొదటి వరుసనే శీర్షికలుగా తీసుకుంటుంది. అక్కడ సంఘం పేరు ఉంటే ఆ పేరే ఒక శీర్షిక అయి కూర్చుంటుంది. గళ్లను కలిపేయడం, మధ్యలో ఖాళీ వరుసలు వదలడం, ఊరికొక వరుసలో ఊరి పేరు మాత్రం రాసి కింద సభ్యులను రాయడం.. ఇవేవీ కూడదు. ఊరి పేరు ప్రతి సభ్యుడి వరుసలోనూ మళ్లీ మళ్లీ ఉండవలసిందే.

మొదటి నిలువు గడి సభ్యత్వ నంబరుకు కేటాయించాలి. ఇది విధిగా పాటించండి. ఒకే ఊళ్లో ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఉన్న ఇద్దరు ముగ్గురు రైతులు ఉండడం మనకు కొత్త కాదు. పేరును బట్టి మనిషిని గుర్తు పట్టడం ఊళ్లో మీకు కుదురుతుంది, కంప్యూటర్‌కు కుదరదు. ఒకసారి ఇచ్చిన నంబరును సభ్యుడు మానేసినా ఇంకొకరికి ఇవ్వకూడదు.

తర్వాత ఇంటిపేరుతో సహా పేరు, తండ్రి లేదా భర్త పేరు, సంబంధం, గ్రామం, బస్తాలు, నికర తూకం, క్వింటా ధర, మొత్తం, హమాలీ, విత్తనం బాకీ, చెల్లించేది, ఖాతా నంబరు, బ్యాంకు కోడ్ వేసుకోవాలి. పేరు బ్యాంకు పాసుపుస్తకంలో ఎలా ఉందో అలాగే రాయాలి. పిలుపు పేరు పనికిరాదు.

'సంబంధం' ఎందుకని అడగవచ్చు. నమూనాలో 'గారి కుమారుడు' అని అచ్చు వేసేస్తే మహిళా సభ్యులందరి చీటీల్లోనూ అదే పడుతుంది. భూమి తన పేరున ఉండి, పంట తానే పండించిన మహిళను కుమారుడిగా రాసిన కాగితం ఏ కార్యాలయంలోనూ చెల్లదు సరికదా, నలుగురిలో నవ్వులాట అవుతుంది. అందుకే కుమారుడు, కుమార్తె, భార్య అనే మాటను పట్టికలోనే పెట్టి, ఆ ఖాళీలోకి తెచ్చుకోవాలి.

అంకెల దగ్గర పొంచి ఉన్న గోతులు

పాఠంలో అసలు శ్రద్ధ పెట్టవలసింది ఇక్కడ. కంప్యూటర్ పట్టికకు ఒక చెడ్డ అలవాటు ఉంది. మీరు టైపు చేసింది ఏమిటో తానే ఊహించి, మిమ్మల్ని అడక్కుండా మార్చేస్తుంది.

ముందుగా సర్వే నంబరు సంగతి చూడండి. 5/2 అని కొట్టి ఎంటర్ నొక్కారు. అది సర్వే నంబరని దానికేం తెలుసు? ఫిబ్రవరి 5వ తేదీ అనుకుని అలా మార్చి పెడుతుంది. 12/3 అయితే మార్చి 12 అవుతుంది. అదే 112/అ అని రాస్తే అక్షరం ఉంది కాబట్టి జోలికి రాదు. అంటే ఒకే వరుస గళ్లలో కొన్ని నంబర్లు బాగుంటాయి, కొన్ని తేదీలైపోతాయి. పైపైన చూసి బాగానే ఉందనుకుంటాం.

రెండోది ఖాతా నంబరు. పన్నెండు అంకెలకు చేరితే చాలు, ఎక్సెల్ దాన్ని కుదించి, మధ్యలో చుక్క, చివర ఒక ఇంగ్లీషు అక్షరంతో చూపుతుంది. అది చూపు వరకే, సరిచేసుకోవచ్చు. కానీ 15 అంకెలు దాటితే నిజంగానే నష్టం జరుగుతుంది. ఎక్సెల్ 15 అంకెల వరకే గుర్తు పెట్టుకుంటుంది. 16వ అంకె నుంచి సున్నాలు వేసేస్తుంది. పోయిన అంకె ఇక తిరిగి రాదు, పాసుపుస్తకం చూసి మళ్లీ కొట్టుకోవలసిందే. సున్నాతో మొదలయ్యే ఖాతా నంబర్లకు మొదటి సున్నాలు కూడా రాలిపోతాయి.

దీనికి మందు తేలికే. టైపు చేయకముందే ఆ నిలువు గళ్లన్నీ ఎంచుకుని, వాటిని టెక్స్ట్‌గా, అంటే అక్షరాలుగా ఉంచమని చెప్పాలి. 'ముందే' అన్న మాట మరువవద్దు. కొట్టేశాక టెక్స్ట్‌గా మార్చినా పోయినవి పోయినట్టే. దేన్ని అక్షరాలుగా ఉంచాలి, దేన్ని అంకెలుగా ఉంచాలి అన్న అనుమానం వస్తే ఒక గుర్తు పెట్టుకోండి. కూడికలు, తీసివేతలు, గుణకారాలు చేసే వాటిని అంకెలుగా ఉంచాలి: బస్తాలు, తూకం, ధర, బాకీ. ఖాతా నంబరును ఎవరూ కూడరు. సర్వే నంబరును ఎవరూ గుణించరు. సభ్యత్వ నంబరు, ఫోన్ నంబరు, పిన్‌కోడ్ కూడా అంతే. ఇవన్నీ అక్షరాలే అనుకోవాలి.

ఒకే నిలువు వరుసలో సగం అంకెలుగా, సగం అక్షరాలుగా ఉన్నా ఇబ్బందే. ఎక్సెల్ నుంచి వర్డ్‌లోకి తెచ్చేటప్పుడు మొదటి కొద్ది వరుసలను చూసి ఇవి అంకెలో అక్షరాలో తేల్చుకుంటుంది. తర్వాత వచ్చేవి దానికి భిన్నంగా ఉంటే ఆ చీటీల్లో ఖాళీ గానీ సున్నా గానీ పడవచ్చు. తేదీలను కూడా టెక్స్ట్‌గానే కొట్టుకోవడం మేలు. లేకుంటే చీటీలోకి వచ్చేసరికి అమెరికా వాళ్ల అలవాటు ప్రకారం నెల ముందు, రోజు తర్వాత పడి, ఏప్రిల్ 3 కాస్తా మార్చి 4లా కనిపిస్తుంది.

ఎకరాలు, గుంటల చిక్కు

ఇది మన ప్రాంతం వాళ్లకు ప్రత్యేకంగా చెప్పుకోవలసిన సంగతి. 2 ఎకరాల 20 గుంటల భూమిని మనం 2.20 అని రాస్తాం. కంప్యూటర్ చివరి సున్నాను తీసేసి 2.2 అని చూపుతుంది. ఆ కాగితం చూసినవాళ్లు 2 ఎకరాల 2 గుంటలు అనుకుంటే వాళ్ల తప్పు లేదు. అక్కడికక్కడే 18 గుంటలు మాయం.

అంతకంటే పెద్ద నష్టం లెక్కలో ఉంది. ఎకరానికి 50 కిలోల చొప్పున ఏదైనా పంచుతున్నారనుకుందాం. 2.20ని 50తో గుణిస్తే 110 వస్తుంది. కానీ ఎకరానికి 40 గుంటలు కాబట్టి 20 గుంటలంటే అరెకరం. ఆ రైతుకు నిజంగా రావలసింది రెండున్నర ఎకరాలకు 125 కిలోలు. 15 కిలోలు తగ్గాయి. ఎకరం, రెండెకరాల వాళ్ల దగ్గర ఇది చిన్న తేడా కాదు. ముప్పై గుంటల రైతుకు 0.30 అని వేసి గుణిస్తే 15 కిలోలే వస్తాయి, అసలు రావలసింది ముప్పై ఏడున్నర కిలోలు. భూమి తక్కువున్న కొద్దీ దెబ్బ ఎక్కువ.

అందుకని ఎకరాలకు ఒక గడి, గుంటలకు వేరే గడి పెట్టండి. లెక్క కట్టేటప్పుడు గుంటలను 40తో భాగించి ఎకరాలకు కలపమని సూత్రం రాయించండి. చీటీలో మాత్రం 'ఎకరాలు', 'గుంటలు' అని విడివిడిగా అచ్చు వేయించండి. కృష్ణ అవతల కర్నూలు వైపు సెంట్లలో రాస్తారు. ఎకరానికి 100 సెంట్లు కాబట్టి గుణకారం వరకు తప్పు రాదు. కానీ 2 ఎకరాల 50 సెంట్లు 2.5గా అచ్చయితే, 5 సెంట్లని చదివే ప్రమాదం అక్కడా ఉంది.

లెక్క కంప్యూటర్‌కే వదలండి

మొత్తం, హమాలీ, చెల్లించేది అనే గళ్లలో అంకె కొట్టవద్దు. సూత్రం రాయించాలి. ఒక లెక్క చూద్దాం. ఇందులో ధరలు పద్ధతి చూపడానికే, మీ మార్కెట్‌లో ఉన్న ధరలు మీరు వేసుకోండి. ఒక సభ్యురాలు 14 బస్తాలు తెచ్చింది. నికర తూకం 560 కిలోలు. క్వింటా ధర రూ.6,200. 560ని 100తో భాగిస్తే 5.6 క్వింటాళ్లు, దానికి రూ.34,720. బస్తాకు రూ.12 చొప్పున హమాలీ రూ.168. విత్తనాల కింద ముందు తీసుకున్న బాకీ రూ.4,500. రెండూ పోగా చెల్లించేది రూ.30,052.

మొదటి వరుసలో సూత్రం రాసి కిందికి లాగితే రెండు వందల మందికీ లెక్క పడుతుంది. ఒకటే జాగ్రత్త. 563 కిలోలు, ధర రూ.6,235 అనుకోండి, రూ.35,103.05 వస్తుంది. పట్టికలో పైసలు దాచి రూపాయలే కనిపించేలా పెట్టినా, నమూనాలోకి వెళ్లేటప్పుడు దాచిన పైసలు కూడా తోకలా వెంట పడతాయి. ఒక్కోసారి చుక్క తర్వాత పది పన్నెండు అంకెలు వచ్చి రైతును కంగారు పెడతాయి. సూత్రంలోనే రౌండ్ అనే ఆదేశం ఇచ్చి రూపాయికి సరిచేయించండి. సరిచేసే పద్ధతి ఏమిటో సంఘం తీర్మానంలో రాసుకుంటే తర్వాత మాట పడనక్కర్లేదు.

బాకీ లేనివారి గడి ఖాళీగా వదలకండి, సున్నా వేయండి. ఖాళీ అంటే బాకీ లేదనా, రాయడం మరిచారనా అనేది ఎవరికీ తెలియదు.

నమూనా చీటీ

వర్డ్‌లో ఒక ఖాళీ కాగితం తెరిచి చీటీ మొత్తం ఒకసారి టైపు చేయాలి. మారని మాటలు మామూలుగా రాయాలి. మారేచోట ఖాళీలు వదలాలి. తర్వాత పైన మెయిలింగ్స్ అనే భాగంలోకి వెళ్లి, స్టార్ట్ మెయిల్ మెర్జ్‌లో లెటర్స్ ఎంచుకోవాలి. సెలెక్ట్ రెసిపియెంట్స్‌లో యూజ్ యాన్ ఎగ్జిస్టింగ్ లిస్ట్ నొక్కి మీ పట్టికను చూపాలి. ఆ తర్వాత ఖాళీ ఉన్న చోట కర్సర్ పెట్టి, ఇన్‌సర్ట్ మెర్జ్ ఫీల్డ్ నొక్కితే మీ శీర్షికలన్నీ కనిపిస్తాయి. కావలసినది ఎంచుకుంటే అది జంట కోణాల గుర్తుల మధ్య వచ్చి కూర్చుంటుంది. ఆ కోణాల గుర్తులను చేత్తో టైపు చేస్తే పని జరగదు. చూడ్డానికి ఒకేలా ఉంటాయి గానీ కంప్యూటర్ దాన్ని ఉత్త రాతగానే చూస్తుంది.

నమూనా ఇలా ఉండవచ్చు:

సభ్యత్వ నంబరు: «సభ్యత్వం»
«తండ్రిభర్త» గారి «సంబంధం» «పేరు» గారికి
గ్రామం: «గ్రామం»
మీరు తెచ్చిన బస్తాలు: «బస్తాలు», నికర తూకం: «తూకం» కిలోలు
క్వింటా ధర: రూ.«ధర», మొత్తం: రూ.«మొత్తం»
తగ్గించినవి: హమాలీ రూ.«హమాలీ», విత్తనం బాకీ రూ.«బాకీ»
మీకు చెల్లించేది: రూ.«చెల్లించేది»
జమ చేసే ఖాతా చివరి 4 అంకెలు: «చివరి4»

తెలుగులో నమూనా రాసేటప్పుడు ఒక మెళకువ తెలిసి ఉండాలి. మన భాషలో పేరు వెనక వచ్చే ప్రత్యయం పేరును బట్టి మారుతుంది. కొత్తపల్లికి అంటాం, గద్వాలకు అంటాం, రామాపురం అయితే రామాపురానికి అంటాం. నమూనాలో ఊరి పేరు వెనక 'కు' అతికించి పెడితే 'కొత్తపల్లికు', 'రామాపురంకు' అని అచ్చవుతుంది. చదివినవాళ్లకు ఒళ్లు మండుతుంది. అందుకే ఖాళీకి ప్రత్యయం తగిలించకుండా, మారని మాట ఒకటి వెనక పెట్టుకోవాలి. 'గ్రామం:' అని ముందు రాసి ఖాళీ వదిలినా సరే, లేక '«గ్రామం» గ్రామ వాస్తవ్యులు' అని రాసినా సరే. పేర్ల వెనక 'గారికి' పెడితే ఏ పేరుకైనా నప్పుతుంది, మర్యాదగానూ ఉంటుంది.

అక్షరాల సంగతి కూడా చెప్పాలి. మన డీటీపీ షాపుల్లో పెళ్లిపత్రికలు, కరపత్రాలు చేసే అను లిపులు వేరు, ఫోన్లో మనం కొట్టే యూనికోడ్ తెలుగు వేరు. పట్టిక ఒకదాంట్లో, నమూనా ఇంకోదాంట్లో ఉంటే అర్థం లేని గుర్తులు అచ్చవుతాయి. 'అన్నీ యూనికోడ్‌లోనే కావాలి' అని షాపు అతనికి మొదటే చెప్పండి. విండోస్‌తో వచ్చే గౌతమి లిపి గానీ, ఉచితంగా దొరికే మండలి లిపి గానీ చాలు.

లిబ్రెఆఫీస్‌లో అయితే రైటర్‌లో నమూనా రాసి, వ్యూ కింద డేటా సోర్సెస్ తెరిచి, పట్టిక శీర్షికను పట్టుకుని కాగితం మీదికి లాగి వదిలితే ఖాళీ తయారవుతుంది. అంతకుముందు పట్టికను డేటా సోర్సుగా ఒకసారి నమోదు చేసుకోవాలి. మిగతాదంతా అదే వరస. బాకీ ఉంటే ఒక మాట, లేకుంటే ఇంకో మాట వచ్చేలా చేసే నియమాలు కూడా ఈ ప్రోగ్రాముల్లో ఉన్నాయి. మొదటి ఏడు వాటి జోలికి పోవద్దని మా సలహా. సున్నా అని పడితే ఎవరికీ నష్టం లేదు.

పేరు ఒకరిది, ఖాతా ఇంకొకరిది

చేత్తో రాసే చీటీలో తప్పు ఒక్కరికే జరుగుతుంది. పట్టికలో తప్పు జరిగితే ఊరంతా పక్కకు జరిగిపోతుంది. అది ఎలాగంటే, పేర్లను అక్షర క్రమంలో పెడదామని ఎవరో పేర్ల నిలువు వరుసను మాత్రమే ఎంచుకుని సార్ట్ నొక్కుతారు. పక్క గళ్లను కూడా కలిపి కదపాలా అని ఎక్సెల్ అడుగుతుంది. ఎక్స్‌పాండ్ ది సెలెక్షన్ అనేది అలాగే ఉంచాలి. చూసుకోకుండా రెండోది నొక్కితే పేర్లు కదులుతాయి, ఖాతా నంబర్లు, తూకాలు ఉన్నచోటే ఉండిపోతాయి. చీటీలు మాత్రం చక్కగా, అందంగా అచ్చయి వస్తాయి. ఎక్కడా ఎర్ర గీత పడదు.

బ్యాంకు పట్టుకుంటుందిలే అనుకోవద్దు. నెఫ్ట్ పద్ధతిలో పంపిన సొమ్ము ఖాతా నంబరును బట్టే జమ అవుతుంది. పేరు సరిపోల్చి వేయాలన్న నిబంధన లేదని, నంబరు సరిగ్గా ఇచ్చే బాధ్యత పంపేవారిదేనని రిజర్వు బ్యాంకు 2010లోనే స్పష్టం చేసింది. ఒకరి పంట డబ్బు ఇంకొకరి ఖాతాలో పడి, అక్కడ పాత అప్పు కింద జమ అయిపోతే తిరిగి రాబట్టడం ఎంత తలనొప్పో, ఊళ్లో ఎంత మనస్పర్థో చెప్పనవసరం లేదు.

కాబట్టి అచ్చు నొక్కే ముందు ఇద్దరు మనుషులు కూర్చోవాలి. ఒకరు పాసుపుస్తకం జిరాక్సు చూసి ఖాతా నంబరు పైకి చదవాలి, ఇంకొకరు పట్టికలో వేలు పెట్టి చూసుకోవాలి. కొట్టినవాళ్లే సరిచూస్తే కంటికి తప్పు ఆనదు, వేరేవాళ్లు చూడాలి. బ్యాంకు కోడ్‌లో 11 స్థానాలుంటాయి. మొదటి నాలుగూ అక్షరాలు, ఐదోది ఎప్పుడూ సున్నా. దాని బదులు ఇంగ్లీషు 'ఓ' అక్షరం కొట్టడం మామూలుగా జరిగే పొరపాటు. పాత పాసుపుస్తకాలు తెచ్చేవారి దగ్గర ఇంకాస్త జాగ్రత్త అవసరం. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది, ఆ తర్వాత శాఖల కోడ్‌లు మారాయి. గ్రామీణ బ్యాంకుల్లోనూ మార్పులు జరిగాయి. పాత పుస్తకంలోని కోడ్ ఎక్కించకుండా శాఖలో అడిగి కొత్తది రాసుకోవాలి.

తర్వాత ప్రివ్యూ రిజల్ట్స్ నొక్కి తెర మీదే చీటీలు చూడాలి. మొదటిది, చివరిది, అన్నిటికంటే పొడుగు పేరున్న సభ్యుడిది, బాకీ లేనివారిది, మహిళా సభ్యురాలిది ఒకటి చూస్తే చాలావరకు లోపాలు బయటపడతాయి. ఆ పైన ఫినిష్ అండ్ మెర్జ్‌లో నేరుగా ప్రింట్ ఇవ్వకుండా ఎడిట్ ఇండివిడ్యువల్ డాక్యుమెంట్స్ ఎంచుకుంటే చీటీలన్నీ ఒకే దస్త్రంగా వస్తాయి. అప్పుడు పేజీలు లెక్క చూడండి. సభ్యులు 200 అయితే పేజీలు 200 ఉండాలి. 203 వస్తే కింద ఖాళీ వరుసలు ఉన్నట్టు, 199 అయితే ఒకరు తప్పిపోయినట్టు. చివరగా 'చెల్లించేది' నిలువు మొత్తం, బ్యాంకుకు ఇచ్చే జాబితా మొత్తం రూపాయితో సహా ఒకటే కావాలి. తేడా పది రూపాయలే కదా అని సంతకం పెట్టవద్దు.

చిన్న చీటీకి పూర్తి కాగితం దండగ. నాలుగు చీటీలు ఒకే పేజీలో వచ్చేలా గళ్లు వేసి, రెండో చీటీ నుంచి మొదట్లో నెక్స్ట్ రికార్డ్ అనే నియమం పెట్టించాలి. అది మరిస్తే ఒకే రైతు చీటీ నాలుగుసార్లు పడుతుంది. ఇలా చేస్తే 200 మందికి 50 కాగితాలు సరిపోతాయి.

నోటీసులకూ ఇదే దారి

రైతు ఉత్పత్తిదారుల కంపెనీగా నమోదైన సంఘాలు సర్వసభ్య సమావేశానికి కనీసం 14 రోజుల ముందు సభ్యులకు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలని చట్టం చెబుతోంది. దూరపు ఊళ్లలోని చిన్న వాటాదారులకు ఇవి అందకపోవడం, తర్వాత 'మాకు చెప్పనే లేదు' అని గొడవ రావడం తరచూ వినేదే. పట్టిక చేతిలో ఉంటే నోటీసుకు కొత్త నమూనా ఒకటి రాసుకోవడమే పని. ఊరి వారీగా క్రమంలో పెట్టి అచ్చు వేస్తే ఊరి కట్ట ఊరికి విడిగా వస్తుంది. అదే పట్టిక నుంచి పేరు, సభ్యత్వ నంబరు, సంతకానికి ఖాళీ ఉన్న అందిన పుస్తకం కూడా అచ్చు వేయించుకోవచ్చు.

ఆధార్ నంబరు పూర్తిగా ఏ చీటీలోనూ వేయవద్దు. ఖాతా నంబరు కూడా చివరి నాలుగు అంకెలు చాలు. చీటీలు చేతులు మారతాయి, టీ కొట్టు దగ్గర పడి ఉంటాయి. డీటీపీ షాపులో పని చేయిస్తే, అయిపోయాక పట్టికను మీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుని షాపు కంప్యూటర్‌లోంచి తీసేయించండి. మీ సభ్యుల ఖాతాల వివరాలు అక్కడ ఉండవలసిన అవసరం లేదు. పైగా పట్టిక మీ దగ్గర లేకపోతే వచ్చే ఏడు మళ్లీ మొదటి నుంచి కొట్టడానికి డబ్బులు కట్టాలి.

చీటీ చేతికొచ్చిన సభ్యులకు

అచ్చులో ఉంది కదా, కంప్యూటర్ వేసింది కదా అని మడిచి జేబులో పెట్టుకోవద్దు. కాంటా దగ్గర ఇచ్చిన తూకం చీటీ దాచుకుని, బస్తాలు, నికర తూకం దానితో కలుస్తున్నాయా చూడండి. విత్తనం బాకీ మీరు తీసుకున్నంతే ఉందా? తగ్గింపుల్లో మీకు చెప్పనిది ఏదైనా చేరిందా? ఖాతా చివరి నాలుగు అంకెలు మీ పాసుపుస్తకంలోవేనా? చదవడం రానివారు ఇంట్లో బడికెళ్లే పిల్లల చేత చదివించుకోవాలి. డబ్బు బ్యాంకుకు వెళ్లడానికి కనీసం రెండు రోజుల ముందే చీటీలు పంచాలని సంఘంలో పట్టుబట్టండి. వెళ్లాక తెలిసిన తప్పును సరిదిద్దడం చాలా కష్టం.

ఎవరైనా తప్పు చూపిస్తే కార్యదర్శి చీటీ మీద పెన్నుతో దిద్ది ఇవ్వకూడదు. పట్టికలో సరిచేసి, ఆ సభ్యత్వ నంబరు ఒక్కదానికే చీటీ మళ్లీ తీసి, పాతది వెనక్కి తీసుకుని అడ్డంగా కొట్టేసి ఫైల్లో పెట్టాలి. బ్యాంకు జాబితా కూడా ఆ సరిచేసిన పట్టిక నుంచే మళ్లీ తీయాలి.